శామీర్‌పేట రోడ్డు మీద అస్కారీ

నాకు నాలుగు సిలిండర్లు. ఒక్కోదాని బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. నాలుగూ కలిస్తే 1089 సీసీ. నా వంశం గురించి ఎవరడిగినా ఈ అంకెల నుంచే చెప్పుకొస్తాను.

నేను ప్రీమియర్ పద్మినిని. బొంబాయి కుర్లాలో, వాల్‌చంద్ హీరాచంద్ నెలకొల్పిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీలో పుట్టాను. ఇటలీ ఫియట్ కంపెనీ లైసెన్సుతో 1950లలో వాళ్ళు ఫియట్ 1100 కట్టడం మొదలుపెట్టారు. మొదట మిల్లెచెంతో అన్నారు, తరవాత డిలైట్ అన్నారు, 1970ల మధ్యకొచ్చేసరికి పద్మిని అన్నారు. జనం మాత్రం చివరిదాకా మమ్మల్ని ఫియట్ అనే పిలిచారు. వాళ్ళు పిలిచిందే నిజం. 1937లో ట్యూరిన్‌లో 508 సి అనే ఫియట్ కారు కోసం తయారైన ఇంజను బోరు 68, స్ట్రోకు 75. దశాబ్దాల తరవాత కుర్లాలో నా బానెట్ కింద పెట్టిన ఇంజనుదీ అదే కొలత. హెడ్డు మారింది, కార్బురేటరు మారింది, బాడీ మారింది, కొలత మారలేదు.

నన్ను మొదట కొన్నవారు హైదరాబాదు మారేడ్‌పల్లిలో ఉండేవారు. చాలాకాలం బాగానే చూసుకున్నారు. చివరి రోజుల్లో ఆయిలు చూసే దిక్కులేక పిస్టన్లు అరిగి, నీలం పొగ కక్కుతూ, కార్ఖానాలో ఒక షెడ్డుకి చేరాను. జేబీఎస్ దాటి తిరుమలగిరి వైపు పోయే పెద్ద రోడ్డుకి కాస్త లోపలగా ఉండేది ఆ షెడ్డు. పైన రేకులు, ముందు వేపచెట్టు. బాగుచేసే ఖర్చు విని నా యజమాని తాళంచెవి అక్కడే వదిలేశారు. షెడ్డు ఓనరే నన్ను కొనుక్కున్నాడు. ఆయన్ని అందరూ సుబేదార్ సాబ్ అనేవాళ్ళు. మిలిటరీలో బండ్లు బాగుచేసే ఈ.ఎం.ఈ. విభాగంలో చేసి రిటైరైన మనిషి. కంటోన్మెంటులో అలాంటివాళ్ళు వీధికొకరుంటారు. కానీ రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ దాకా వెళ్ళి, దారిలో పడివున్న ఫియట్ల ఇంజన్లు విప్పి చూసి వచ్చినవాడు కార్ఖానాలో ఈయనొక్కడే.

నా బ్లాకు విప్పి బెంచీ మీద పెట్టిన రోజు ఆయన మనవరాలు పక్కనే ఉంది. స్కూలు యూనిఫాం కూడా మార్చుకోలేదు. ఆయన బోరు గేజి లోపలికి దించి ముల్లు చూశాడు.

"అరవై ఎనిమిది దాటింది, అరిగింది. అసలు కొలత అరవై ఎనిమిది బిడ్డా. గీ ఇంజను వంశంతోటే అస్కారీ మొదలువెట్టిండు."

"అస్కారీ ఎవరు తాతా?"

ఓవర్‌సైజు పిస్టన్లు రాణిగంజ్ నుంచి వచ్చేదాకా, బోరింగ్ అయ్యి హెడ్డు బిగించేదాకా ఆ ప్రశ్నకి జవాబు సాగింది. బెంచీ మీద ఉండి నేనూ విన్నాను. నాకు తెలిసిన చరిత్రంతా అక్కడ విన్నదే.

1939లో ఎంజో ఫెరారీ ఆల్ఫా రోమియో కంపెనీని వదిలి బయటికొచ్చాడు. నాలుగేళ్ళపాటు తన పేరుతో రేసుల్లోకి దిగకూడదని ఒప్పందం. అందుకే ఆయన కట్టిన మొట్టమొదటి కారు మీద ఫెరారీ అన్న పేరు లేదు. ఎనిమిది సిలిండర్లు, లీటరున్నర ఇంజను కాబట్టి 815 అన్నారు. ఆ కారు ఛాసిస్ ఫియట్ 508 సి ది. రెండు 508 సి ఇంజన్ల హెడ్డులు ఒకదాని వెనక ఒకటి చేర్చి దాని ఇంజను కట్టారు. 1940 ఏప్రిల్ 28న బ్రెషియాలో మిల్లే మిలియా రేసుకి అలాంటివి రెండు వచ్చాయి. ఒకదాని స్టీరింగు పట్టింది ఆల్బెర్తో అస్కారీ. వయసు ఇరవై ఒకటి. అప్పటిదాకా మోటారు సైకిళ్ళ మీద పోటీపడ్డ కుర్రాడికి నాలుగు చక్రాల మీద అది మొదటి పరుగు. తన తరగతిలో ముందు వరసలో ఉండగా ఇంజను చెడి ఆగిపోయాడు. రెండో 815 కూడా చివరిదాకా పోలేదు. అయినా నాకు అది గర్వమే. ఫెరారీ తొలి కారుకీ, అస్కారీ తొలి పరుగుకీ పనికొచ్చింది మా ఇంటి ఇనుము.

యుద్ధం వచ్చి రేసులు ఆగాయి. అస్కారీ, స్నేహితుడు లుయిజి విల్లొరేసితో కలిసి ఉత్తర ఆఫ్రికాలోని ఇటలీ సైన్యానికి పెట్రోలు రవాణా చేసే వ్యాపారం పెట్టాడు. ఆ ఎడారిలో ఎదుటి పక్షాన మన భారతీయ దళాలున్నాయి. సుబేదార్ సాబ్ ఈ ముక్క చెప్పి కాసేపు ఆగేవాడు. ఒకరు పోసిన పెట్రోలుతో నడిచిన లారీ, ఇంకొకరు బాగుచేసిన లారీ ఎదురెదురుగా వచ్చిన యుద్ధం అది.

1947 మార్చిలో కైరోలో చిసితాలియా కంపెనీ తన చిన్న రేసు కార్లతో ఒక పోటీ పెట్టింది. ఆ కార్లకి పెట్టినవి ఫియట్ 1100 ఇంజన్లు. యుద్ధం తరవాత మళ్ళీ స్టీరింగు పట్టిన అస్కారీ అందులో రెండోవాడుగా వచ్చాడు. అదే ఏడు జూన్‌లో మిల్లే మిలియాలో యాభై నాలుగేళ్ళ తాజియో నువొలారి, ఒంట్లో బాగాలేకపోయినా, పైకప్పులేని చిసితాలియా తోలాడు. దానిదీ 1100 ఇంజనే. తనకన్నా ఎంతో పెద్ద ఇంజను కార్లన్నిటినీ వెనక్కి నెట్టి రేసు చివరి భాగం దాకా ముందున్నాడు. అంతలో కుండపోతగా వాన. ఇగ్నిషన్‌లోకి నీళ్ళు దూరాయి. ఆరబెట్టుకుని కదిలేసరికి బియోందెత్తి తోలిన ఆల్ఫా రోమియో దాటిపోయింది. నువొలారి రెండో స్థానం. వానాకాలం తెల్లవారుజామున డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరితే నేనూ స్టార్టవను. కార్ఖానాలో పొడిగుడ్డతో మూత తుడిచినప్పుడల్లా నాకు ఆ మనిషి గుర్తొస్తాడు.

అస్కారీ గొప్ప రోజుల గురించి పుస్తకాల్లో చాలా ఉంది, నేను పొడిగించను. 1952లో ఫెరారీ 500 మీద ఆ ఏటి ఛాంపియన్‌షిప్‌లో చివరి ఆరు రేసులూ వరసగా గెలిచాడు. 1953లో మళ్ళీ ప్రపంచ ఛాంపియన్. ఆ తరవాత డెబ్బై ఏళ్ళు గడిచినా ఇంకో ఇటలీ డ్రైవరుకి ఆ కిరీటం దక్కలేదు. 1953 చివర ఫెరారీతో జీతం దగ్గర పొసగక లాంచాకి వెళ్ళాడు. అక్కడ విత్తోరియో యానో అనే పెద్ద ఇంజనీరు డి50 అనే కారు గీస్తున్నాడు. ముప్పై ఏళ్ళ కిందట ఆల్ఫా రోమియో పి2 గీసింది కూడా ఆయనే. అస్కారీ తండ్రి ఆంతోనియో 1925 జూలై 26న ఫ్రాన్సులో మోంలెరీ ట్రాక్ మీద ప్రాణం వదిలింది ఆ పి2 లోనే. అప్పటికి ఆల్బెర్తోకి ఏడేళ్ళు నిండి రెండు వారాలు కూడా కాలేదు.

ఇక 1955 మే. ఇక్కడ సుబేదార్ సాబ్ స్పానరు కింద పెట్టి మరీ చెప్పేవాడు.

మే 22న మొనాకోలో వంద రౌండ్ల రేసు. ఎనభై దాటాక ముందున్న డ్రైవరు మాస్ తోలుతున్న మెర్సిడెస్ ఇంజను పొగలు కక్కింది. ఆధిక్యం అస్కారీ చేతికి రాబోతున్న క్షణంలో చికేన్ అనే మెలిక దగ్గర అతని డి50 అదుపు తప్పి, గడ్డిమోపుల్ని చీల్చుకుని హార్బరు నీళ్ళలో పడింది. అతను ఈది బయటికొచ్చాడు. ముక్కు విరిగింది, అంతే.

నాలుగు రోజుల తరవాత, మే 26న, ఇంట్లో విశ్రాంతి తీసుకోవలసినవాడు మొంజా ట్రాక్‌కి వెళ్ళాడు. అక్కడ తన శిష్యుడిలాంటి కుర్రాడు యూజీనియో కాస్తెల్లొత్తి ఒక ఫెరారీ స్పోర్ట్స్ కారు పరీక్షిస్తున్నాడు. మధ్యాహ్న భోజనాలయ్యాక అస్కారీ తనూ ఒక నాలుగు రౌండ్లు తిప్పుతానన్నాడు. తన నీలం హెల్మెట్ లేకుండా ఏనాడూ రేసు కారెక్కని మనిషి. నల్లపిల్లి ఎదురొస్తే దారి మార్చుకునే మనిషి. హెల్మెట్ మొనాకో దెబ్బకి రిపేరులో ఉంది. కాస్తెల్లొత్తి హెల్మెట్ అడిగి పెట్టుకున్నాడు. మూడో రౌండులో వియాలోనె మలుపు దగ్గర కారు జారి పల్టీలు కొట్టింది. మనిషి బయటికి విసిరేసినట్టు పడ్డాడు. నిమిషాల్లో ప్రాణం పోయింది. వయసు ముప్పై ఆరు. తండ్రి పోయిన వయసే, తండ్రి పోయిన తారీఖే. ఆ మలుపుని ఇప్పుడు అస్కారీ పేరుతో పిలుస్తారు.

"ఇరవై ఆరు మంచిది కాదన్నట్టు తాతా," అంది పిల్ల.

ఆయనకి కోపం వచ్చింది. "తారీఖు టైరును జార్చదు బిడ్డా. రోడ్డుంటది, టైరుంటది, మనిషుంటడు. గా మూటిల ఏదో ఒకటి తప్పింది. ఏది తప్పిందో దొరకకపోతే నంబరు మీద పెడతరు."

ఎందుకు జరిగిందన్నదాని మీద ఇటలీలో ఇవాళ్టికీ వాదన తెగలేదు. రిముకి తగని టైర్లన్నవాళ్ళున్నారు, ట్రాక్ దాటిన పనివాడెవరినో తప్పించబోయాడన్నవాళ్ళున్నారు. నా మటుకు నాకు సుబేదార్ సాబ్ మాటే సబబు. సీటు బెల్టు లేదు, తల మీద రక్షణ కమ్మీ లేదు, మలుపు పక్కన చెట్లు. అలాంటి చోట చిన్న తప్పుకి పెద్ద శిక్ష పడుతుంది.

నేను మళ్ళీ రోడ్డెక్కాక ఆదివారాలు ముగ్గురం శామీర్‌పేట చెరువు దాకా వెళ్ళేవాళ్ళం. ముందు సీటు ఒకటే బెంచీ, గేరు స్టీరింగు పక్కనే, కాబట్టి పిల్ల ఆయనకి ఆనుకుని కూర్చునేది. ఆ దారి మీదే అస్కారీకి రెండో జీవితం మొదలైంది. పోయిన మనిషిని బతికించి, తరవాతి ఏళ్ళు ఒక్కొక్కటీ నడిపించడం.

కార్ఖానా చౌరస్తాలో కథ 1955 మే 26 మధ్యాహ్నం మొదలయ్యేది. సుబేదార్ సాబ్ మార్చేది ఒక్కటే ఒక్కటి. కాస్తెల్లొత్తి సన్నటి మనిషి, అస్కారీ బొద్దు మనిషి. హెల్మెట్ తలకి పట్టలేదు. సరేలే అని అస్కారీ మిలాన్‌కి వెళ్ళిపోయాడు.

తిరుమలగిరి దాటేసరికి ఆ వేసవి. జూన్ 11న లె మాన్స్‌లో కారు జనంలోకి దూసుకుపోయి ఎనభై మందికి పైగా చనిపోయారు. దాని తరవాత ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండ్, స్పెయిన్ రేసులు రద్దయ్యాయి. అస్కారీ బతికుంటే లాంచా కంపెనీ రేసులు మానేది కాదు కదా అని పిల్ల అడిగేది.

"డ్రైవరు బతికితే అప్పు తీరదు బిడ్డా. కంపెనీ అప్పటికే మునిగింది."

అందుకే ఆయన కథలో కూడా జూలై 26న లాంచా తన డి50 కార్లన్నీ ఫెరారీకి అప్పగించేసేది. ఐదేళ్ళపాటు ఏటా ఐదు కోట్ల లీరాలు ఫెరారీకి ఇస్తామని ఫియట్ ఒప్పుకుంది. అదంతా నిజంగా జరిగిందే. నాకు ఈ పద్ధతి ఇష్టం. ఒక్క మేకు పీకి ఇల్లంతా కొత్తగా కట్టేయలేదాయన. పీకిన మేకు దేన్ని పట్టుకుని ఉందో, దాన్నే కదలనిచ్చాడు.

లోతుకుంట, అల్వాల్ మధ్య 1956. అస్కారీ లేని నిజమైన 1956లో ఫాంజియో అనే డ్రైవరు ఫెరారీలో చేరి, ఆ డి50ల మీదే ఛాంపియన్ అయ్యాడు. అస్కారీ ఉంటే? ఫియట్ డబ్బు, ఇటలీ కారు, రెండుసార్లు గెలిచిన ఇటలీ డ్రైవరు. ఎంజో పాత గొడవ మింగి అస్కారీని వెనక్కి పిలిచాడు. అప్పుడు ఫాంజియో ఏడాది ముందే మజెరాతికి పోవలసి వచ్చింది. ఆ ఏడు ఛాంపియన్ ఎవరన్నది తాతా మనవరాళ్ళ మధ్య ఏనాడూ తేలలేదు. ఆమె అస్కారీకిచ్చేది. ఆయన, అస్కారీ కోసం ఇంత కథ అల్లిన ఆయన, ఫాంజియోకిచ్చేవాడు. "మంచిగ తోలినోనిది గెలుపు. మనకు ఇష్టమైనోనిది కాదు."

బొలారం రాగానే ఆయన స్పీడు తగ్గించేవాడు. 1957 మార్చి. నిజంగా ఏం జరిగిందంటే, మజెరాతి వాళ్ళు మోదెనా ట్రాక్ రికార్డు లాక్కుంటారేమోనని ఫెరారీ, ఫ్లారెన్సులో ఉన్న కాస్తెల్లొత్తిని పిలిపించింది. మార్చి 14న ఆ ట్రాక్ మీదే అతను చనిపోయాడు. ఇరవై ఆరేళ్ళవాడు. మే నెలలో మిల్లే మిలియాలో దె పొర్తాగొ అనే డ్రైవరు తోలుతున్న ఫెరారీ టైరు పేలి అతనూ, పక్కనున్న సహచరుడూ, దారి పక్కన నిలబడ్డ తొమ్మిదిమందీ పోయారు. మిల్లే మిలియా దానితో ముగిసింది. 1958 జూలై 6న రెయింస్ రేసులో ఇంకో ఇటలీ డ్రైవరు లుయిజి మూసో పోయాడు. మూడేళ్ళు కాస్త దాటేసరికి అస్కారీ, కాస్తెల్లొత్తి, మూసో. ఇటలీ చేతిలో ఉన్న ఛాంపియన్లు, కాబోయే ఛాంపియన్లు అయిపోయారు.

సుబేదార్ సాబ్ కథలో 1957 నాటికి అస్కారీకి ముప్పై ఎనిమిది దాటాయి, ఆ జట్టులో పెద్దవాడు. 1956లో మొంజాలో కాస్తెల్లొత్తి, మూసో ఒకరి మీద ఒకరు పంతానికి మొదటి రౌండ్లలోనే టైర్లు చింపుకున్నారు. టైర్లు జాగ్రత్త అని ఫాంజియో చెప్పినా వినలేదు. అదే మాట అస్కారీ చెబితే వినేవాళ్ళు. మొనాకోలో నీళ్ళలో పడి లేచినవాడు, తండ్రిని రేసుకి ఇచ్చినవాడు, తమ భాష వాడు. మోదెనాకి ఫోన్ వచ్చినరోజు, రికార్డు పోతే పోనీ, వారం తరవాత చూద్దాం అన్నాడు అస్కారీ. కాస్తెల్లొత్తి ఫ్లారెన్సులోనే ఉండిపోయాడు.

దె పొర్తాగొని మాత్రం ఆయన బతికించలేదు. పిల్ల ఎంతో బతిమాలింది. "అది టైరు బిడ్డా. అస్కారీ ఉన్నడా లేడా అన్నది టైరుకు తెల్వది." తొమ్మిదిమంది ప్రాణాలు కథ కోసం వెనక్కి తేలేనన్నాడు.

హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దగ్గర విమానం లేస్తే పిల్ల చెవులు మూసుకునేది. చప్పుడు తగ్గేదాకా ఆయన ఆగేవాడు, ఎందుకంటే అక్కడే రెయింస్. నలభయ్యో పుట్టినరోజుకి వారం ముందు అస్కారీ కారు దిగేసి, పిట్‌లో బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. మూసో దూసుకువస్తుంటే ఆ బోర్డు మీద ఒకటే మాట: నెమ్మది. మూసో రెండో స్థానంలో వచ్చాడు. శామీర్‌పేట చెరువు కట్ట మీద మొక్కజొన్న కంకులు కాల్చేవాడి దగ్గర నన్ను ఆపితే అక్కడికి కథ అయిపోయేది.

ఒకసారి నన్ను మద్రాసు దగ్గర శోలవరం దాకా కూడా తీసుకెళ్ళాడు. యుద్ధకాలపు రన్‌వే మీద మా ఫియట్లు సైలెన్సర్లు తీసేసి పరుగెత్తడం చూశాను. ఆయన అక్కడెవరికీ అస్కారీ కథ చెప్పలేదు. అది శామీర్‌పేట రోడ్డుది.

ఆయన పోయాక షెడ్డు ఉస్తాద్ చేతికొచ్చింది. ఆయన దగ్గరే పని నేర్చిన మనిషి. మనవరాలు ఇంజనీరైంది. నన్ను అమ్మలేదు. ఉద్యోగంలో ఎంత పొద్దుపోయినా నెలకోసారి వచ్చి ప్లగ్గులు చూసి, పాయింట్లు సరిచేసి, నన్ను తిరుమలగిరి దాకా తిప్పి తెస్తుంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన, సెక్రటేరియట్, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ మధ్య 2.83 కిలోమీటర్ల దారి మీద ఫార్ములా ఈ రేసు జరిగింది. గెలిచింది ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్. ఆ ఏడే మజెరాతి అరవై ఏళ్ళ పైచిలుకు తరవాత మళ్ళీ ఒంటిసీటు కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చింది. 1948లో సాన్ రెమోలో అస్కారీ గెలిచిన తొలి పెద్ద రేసు మజెరాతి మీదే. ఆ పేరు టాంక్‌బండ్ పక్కనుంచి పోవడం చూడాలని ఆమె వెళ్ళింది. సాయంత్రం నేరుగా షెడ్డుకొచ్చింది.

ఆమె చెప్పింది మజెరాతి గురించి కాదు. జాగ్వార్ జట్టు కార్లు రెండూ మలుపు దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోయాయట. ఇద్దరు డ్రైవర్లూ బెల్టులు విప్పుకుని, తలపైనున్న హాలో కమ్మీ కిందనుంచి బయటికొచ్చి నడిచి వెళ్ళిపోయారట. మరుసటి ఏడు రేసు రద్దయింది, హైదరాబాదు ఆ చప్పుడు మళ్ళీ వినలేదు. కానీ ఆమెకి కావలసింది ఆ ఒక్కరోజులోనే దొరికింది.

"ఉస్తాద్, తాత కథలో ఒక తప్పుంది," అంది.

"సుబేదార్ సాబ్ కథలనా? ఏం తప్పమ్మా?"

"నంబరును నమ్మొద్దన్నడు. మరి హెల్మెట్ పట్టకపోవుడు ఏంది? అది కూడా అదృష్టమే గదా. తాత అదృష్టాన్ని మార్చిండు, కారును మార్చలే."

ఉస్తాద్ చాలాసేపు ఆలోచించాడు. నేనూ ఆలోచించాను. ఆమె మాటలో బలముంది. హెల్మెట్ పట్టకపోతే అస్కారీ ఆ రోజు బతుకుతాడు. అదే ఫెరారీ ఇంకో రోజు ఇంకొకణ్ణి విసిరేస్తుంది. కాస్తెల్లొత్తికి మోదెనాలో కావలసింది ఫోన్‌లో మంచిమాట ఒక్కటే కాదు.

అప్పటినుంచి ఆమె ఒక నోటుబుక్కులో కథ మొదటినుంచి తిరగరాస్తోంది. ఆమె కథలో హెల్మెట్ పట్టింది. అస్కారీ కారెక్కాడు, వియాలోనె దగ్గర జారాడు, పల్టీలు కొట్టాడు. కానీ నడుముకి బెల్టుంది, తల వెనక గట్టి కమ్మీ ఉంది, మలుపు పక్కన చెట్లు లేవు. కారు తలకిందులై ఆగింది. భుజం ఎముక విరిగింది. కాస్తెల్లొత్తి పరుగెత్తుకెళ్ళి బెల్టు కోశాడు. ఆ వేసవంతా ఆసుపత్రి మంచం మీంచి అస్కారీ కార్ల కంపెనీలన్నిటికీ ఒకటే ఉత్తరం రాశాడు, నాకు కట్టింది అందరికీ కట్టండి అని. ఈ కథలో కాస్తెల్లొత్తి మోదెనాకి వెళ్ళినా బతికే వీలుంది. మూసోకి బోర్డుతో పాటు బెల్టు కూడా ఉంది. టైరు పేలినా దారి పక్కన జనం అంత దగ్గర్లో లేరు కాబట్టి, తాత తేలేనన్న తొమ్మిదిమందినీ ఆమె వెనక్కి తెస్తోంది.

ఇప్పుడు రాత 1956 మే దాకా వచ్చింది. మొనాకోలో అస్కారీ ఎర్ర డి50 మీద మళ్ళీ అదే హార్బరు చికేన్‌కి వస్తున్నాడు, ముందు మజెరాతిలో ఫాంజియో. గేరు మార్చాలా, మార్చకుండానే లాగాలా అని ఆమె అంటుంది. మార్చకపోతే మళ్ళీ నీళ్ళలోకే అంటాడు ఉస్తాద్. నిన్న రాత్రి నా బానెట్ మీద నోటుబుక్కు పరిచి, డి50 బరువూ, పక్కల వేలాడే దాని పెట్రోలు ట్యాంకులూ, మలుపు కొలతా వేసుకుంటూ కూర్చున్నారు, ఇంకా లెక్క తేలలేదు.